ఒకే గానం - రెండు ప్లేట్లు

తిరుత్తణిలో మా అవ్వ ఇంట తెల్లవారుజామున కాఫీకంటె ముందు వినవచ్చేది ఎం. ఎస్. సుబ్బులక్ష్మిగారి వేంకటేశ సుప్రభాతం. 1963లో వెలువడిన ఆ లాంగ్‌ప్లే ప్లేటును మా తాతగారు ముచ్చటపడి కొన్నారు. అంతకు మూడేండ్ల ముందు, 1960 ఏప్రిల్ 1న, తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రంలోకి మారినది. ఎల్ల మారినా మన వేకువ మారలేదని ఆయన అనేవారట.

ఇన్నేండ్లకు ఆ ప్లేటు అరిగిపోయినది. పోపులో ఆవాలు వేగినట్లు చిటపటలు. దానిని పారవేసి, తిరువళ్లూరులో మా అత్తయ్య ఇంట ఉన్న తరువాతి కాలపు అచ్చును తెచ్చుకొందామని నాన్నగారు నిశ్చయించారు. అరక్కోణంలో రైలు మారి, ఒడిలో పెట్టుకొని తెచ్చాము.

ఒకే పెట్టెమీద, ఒకే ముల్లుతో రెండూ వేసి చూశాము. అత్తయ్య ప్లేటులో చిటపటలు లేవు. అందరం సంతోషించాము. అవ్వ మాత్రం, "గొంతు ఊగుతున్నదిరా నాయనా! ఇది ఆ తల్లి గొంతు కాదు" అన్నది. అవ్వకు చూపు తగ్గినది గాని చెవి తగ్గలేదు.

ఒకే గానం రెండు ప్లేట్లలో రెండు విధాలుగా ఎందుకుండవలె?

ఆ కాలంలో మన దేశపు ప్లేట్లు చాలావరకు కలకత్తా దగ్గరి డమ్‌డమ్‌లో తయారయ్యేవి. ప్లేటు తయారుకావడం ఒక వంశవృక్షం వంటిది. మొదట లక్కరు పూసిన అల్యూమినియం పళ్లెంమీద గాడి చెక్కుతారు. దానికి వెండిపూత పెట్టి, విద్యుత్తుతో నికెలు పేరబెట్టి, ఒక లోహపు అచ్చు తీస్తారు. అది తండ్రి. దానినుండి తల్లి, తల్లినుండి ముద్రవేసే అచ్చులు. వేడి వినైలును వీటి నడుమ పెట్టి నొక్కితే ప్లేటు వచ్చును. ముద్ర అచ్చు కూడ వాడుకలో అరుగును. అందుచేత దాని తొలి ప్లేట్లలో ఉన్న స్ఫుటత్వం చివరివాటిలో తగ్గవచ్చును. పాత ప్లేట్లు కరిగించి కలిపిన వినైలు అయితే మొదటినుండి గరగర ఉండవచ్చును.

మరొక సంగతి. ప్లేటు నిమిషానికి 33⅓ చుట్లు తిరుగును. బయటి అంచున గాడి ముల్లుకింద సెకనుకు సుమారు 50 సెంటీమీటర్లు సాగితే, లోపలి కొసన 20 మాత్రమే. అదే ధ్వని ఇరుకులో సర్దుకోవలె. కనుక పక్క చివర వచ్చే భాగానికే దెబ్బ ఎక్కువ. మా ఇంట్లో మంగళాశాసనం వచ్చేసరికే అవ్వ ముఖం చిట్లించేది.

కాని అత్తయ్య ప్లేటులో దోషం అచ్చుది కాదు. ముల్లు చేయి ఇటూ అటూ ఊగడం చూచి ప్లేటు తీసి పరీక్షించాము. పిల్లలు చూడకుండ కడ్డీమీద గుచ్చి గుచ్చి నడిమి రంధ్రాన్ని పెద్దది చేశారు. కేంద్రం ఒక్క మిల్లీమీటరు తప్పినా, లోపలి గాళ్లలో శ్రుతి నూటికి ఒకటిన్నరపైగా హెచ్చుతూ తగ్గుతూ ఉండును. ఒక స్వరస్థానానికీ తరువాతిదానికీ తేడా నూటికి ఆరే గదా! అందులో నాలుగో వంతు జారితే, ఏండ్లతరబడి వినిన చెవి పట్టకుండునా?

కడ్డీకి పలుచని కాగితం చుట్టి, ప్లేటు బిగువుగా కూర్చునేటట్లు చేసి మరల వేశాము. అవ్వ కన్నులు మూసుకొని మంగళాశాసనం దాకా విన్నది. "ఇప్పుడు ఆ తల్లే" అన్నది.

చదువరులలో పాత ప్లేట్లున్నవారు అచ్చును నిందించే ముందు ముల్లునూ, నడిమి రంధ్రాన్నీ ఒకసారి చూచుకొందురుగాక. ఇక తాతగారి ప్లేటా? నాన్నగారు పారవేయలేదు. శనివారాలు అదే వేయమని అవ్వ ఆజ్ఞ. చిటపటలతోనే వింటున్నాము.