చివర వెళ్ళేవాడు తాళం వెయ్యాలి

అమెరికా వచ్చిన కొత్తలో నలుగురం ఒకే అపార్టుమెంటులో ఉండేవాళ్ళం. పొద్దున్నే ఎవరి ఆఫీసుకి వాళ్ళు. తాళం ఎవరు వెయ్యాలన్న తగాదా ఎప్పుడూ రాలేదు. చివర వెళ్ళేవాడు వెయ్యాలి, అంతే! ప్రోగ్రాముల్లో దీన్నే రిఫరెన్స్ కౌంటింగ్ అంటారు. 1960లో జార్జ్ కాలిన్స్ రాసిన పాత ఉపాయమే. దాని విలువ మాత్రం నాకు ఒక వీడియో ప్లేయరు పుణ్యమా అని తెలిసింది.

మా ప్లేయరులో అప్పుడప్పుడూ బొమ్మ మీద గళ్ళుగళ్ళుగా మరకలు వచ్చేవి. డీబగ్గరు పెట్టి చూస్తే మాయం!

హెచ్.264లో చాలా ఫ్రేములు పూర్తిగా రావు. వేరే ఫ్రేములతో పోల్చి, తేడా మాత్రమే పంపుతారు. అందుకని ఒక ఫ్రేము తెరమీద కనబడిపోయాక కూడా డీకోడరుకి అవసరం ఉండచ్చు. ఇలా 16 ఫ్రేముల దాకా దాచుకోవచ్చు. ఒక్కోసారి డీకోడరుకి పని అయిపోయినా, తెరకి ఇంకా అవసరం ఉంటుంది. ఒకే బఫరుకి ఇద్దరు యజమానులన్నమాట. ఎవరు ముందు వదులుతారో చెప్పలేం.

మా డీకోడరు తన పని అవగానే ఆ బఫరులో కొత్త ఫ్రేము రాసేసేది. తెర థ్రెడ్డు ఇంకా పాతదే చూపిస్తున్నాననుకునేది. అవే మరకలు! మొదట కాపీ తీసి ఇచ్చాం. 1920 × 1080 ఫ్రేముకి, పిక్సెలుకి ఒకటిన్నర బైట్ల లెక్కన, 31,10,400 బైట్లు. సెకనుకి 30 ఫ్రేములంటే 93 మెగాబైట్లు. మరకలు పోయాయి గానీ, పాత కంప్యూటర్లలో వీడియో నత్తనడక పట్టింది.

ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లోనూ ఒకప్పుడు డీకోడరు ఇచ్చిన ఫ్రేము, మళ్ళీ డీకోడరుని పిలిచేదాకే చెల్లేది. 2013లో రిఫరెన్స్ కౌంటున్న బఫర్లు వచ్చాయి. మేమూ ఆ దారే పట్టాం. పట్టుకున్నవాడు కౌంటు ఒకటి పెంచాలి, వదిలినవాడు ఒకటి తగ్గించాలి. సున్నా అయితేనే బఫరు ఖాళీ. థ్రెడ్లు చాలా ఉంటాయి కనక ఈ కూడికా తీసివేతా అటామిక్‌గా జరగాలి.

కథ అక్కడితో అయిపోలేదు. నిఘా కెమెరాలు చూపించే ఒక కస్టమరు దగ్గర ప్లేయరు తెల్లవారుజామున మెమరీ చాలక ఆగిపోయింది. గంటసేపు కాపలాదారు ముందు తెర నల్లగా ఉంది. ఆ గంటలో ఏ దొంగా రాలేదు కనక బతికిపోయాం. తవ్వి చూస్తే, నెట్‌వర్కులో పాకెట్లు పోయి ఫ్రేము చెడినప్పుడు మా ఫంక్షను మధ్యలోనే రిటర్న్ అయిపోతోంది, కౌంటు తగ్గించకుండా! చెడిన ఫ్రేముకి 3 మెగాబైట్లు. వెయ్యి చెడితే 3 గిగాబైట్లు. ఒకడు కిటికీలోంచి దూకి పోయాడు. లోపలే ఉన్నాడనుకుని మిగతావాళ్ళు తాళం వెయ్యలేదు.

ఇప్పుడు కౌంటు పెంచే లైను రాసిన వెంటనే, తగ్గించే లైను ఎక్కడో రాసి ఆ తర్వాతే మధ్య కోడు మొదలుపెడతాను. కావాలని పాడుచేసిన వీడియోలు రాత్రంతా నడిపి, చివర ప్రతి కౌంటూ సున్నా అయిందో లేదో చూస్తాను. మంచి ఫైళ్ళతో ఈ తప్పు ఎప్పటికీ దొరకదు. మీరూ ఒకసారి మీ కోడులో ఎర్రరు దారులు తెరిచి చూడండి.