పాత కారుకు కొత్త బేరింగు

విశాఖపట్నంలో బేరింగు లేని చోటు లేదు. 1933లో ప్రారంభమైన ఓడరేవు క్రేనులలోను, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారపు యంత్రాలలోను, మన విద్యార్థులు ఎక్కివచ్చే సైకిళ్లలోను అది ఉన్నది. అయినను దానిని గురించి మనలో చాలమందికి తెలిసినది స్వల్పం. ఒక పాత స్పోర్ట్స్ కారు ముందు చక్రానికి సరసమైన ధరలో బేరింగు వెదకవలసి వచ్చినప్పుడు మేము నేర్చుకొన్న విషయాలను పాఠకుల ముందుంచుట ఈ వ్యాసపు ఉద్దేశం.

ఆ కారు ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఇంగ్లండులో 1962 నుండి 1980 వరకు తయారైన రెండు సీట్ల బండి. చక్రం తిరిగినప్పుడు గరగరమను మ్రోత వినిపించెడిది. జాకీపై ఎత్తి, చక్రాన్ని పైన క్రింద పట్టుకొని ఊపగా వదులుగా కదలినది. బేరింగు అరిగినదనుటకు ఇవే గుర్తులు. ఈ గుర్తులను ఉపేక్షించరాదు. అరిగిన బేరింగు వేడెక్కును. వేడికి గ్రీజు కరగి కారిపోవును. చివరకు బేరింగు పట్టివేయవచ్చును, లేదా చక్రమే ఊడిపోవచ్చును. అరకు ఘాట్ రోడ్డు మలుపులో అట్లు జరిగినచో కలిగే అనర్థాన్ని వేరే చెప్పనక్కరలేదు.

మేము మొదట వెళ్లిన దుకాణంలో "ఏ బండికి?" అని అడిగినారు. పేరు చెప్పగానే తల అడ్డంగా త్రిప్పినారు. ఆ పేరుతో పెట్టె వారి వద్ద లేదు. విదేశం నుండి తెప్పించినచో సరుకు ధరకు రవాణా ఖర్చు, సుంకం తోడగును. అప్పుడు గాజువాక ఆటోనగర్‌లోని ఒక వృద్ధ మెకానిక్ మాకు దారి చూపినారు. పాత బేరింగును కిరసనాయిలుతో కడిగి, దాని అంచును వెలుతురుకు త్రిప్పి, అక్కడ చెక్కియున్న అంకెలను కాగితంపై వ్రాయించినారు. "బండి పేరు చెప్పకండి బాబూ, ఈ నంబరు చెప్పండి" అన్నారు. పారిశ్రామిక బేరింగులు అమ్మే మరొక దుకాణంలో ఆ కాగితం చూపగా, అడిగిన జత నిమిషాలలో బల్లమీదికి వచ్చినది.

దీనిలోని రహస్యమేమి? కార్ల కంపెనీలు సాధారణంగా బేరింగులను స్వయంగా తయారు చేయవు. ఆ పని చేసే సంస్థలు వేరు. మనదేశంలో జైపూరులో 1946లో స్థాపితమైన నేషనల్ బేరింగ్ కంపెనీ, పూనా సమీపాన చించ్‌వాడలో కర్మాగారమున్న ఎస్‌కెఎఫ్ వంటివి అట్టి సంస్థలు. కొలతలు లోకమంతటికి ఒక్కటే అగునట్లు ప్రమాణాలు ఏర్పడినవి. అందుచేత కారు తయారీ ఆగిపోయినను దానిలోని బేరింగు వేరొక బండిలోనో, నీటి పంపులోనో, కన్వేయరులోనో జీవించియుండవచ్చును.

అంకెలను చదువుట కష్టం కాదు. 6205 అను గుండ్ల బేరింగును తీసికొందము. మొదటి 6 దాని జాతిని, తరువాతి 2 దాని కొలతల శ్రేణిని తెలుపును. చివరి రెండంకెలు 05. దానిని ఐదుతో గుణించినచో లోపలి రంధ్రం 25 మిల్లీమీటర్లు. ఈ లెక్క 04 నుండి పైకి వర్తించును. బయటి వ్యాసం 52, వెడల్పు 15 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ తయారు చేసినను ఇవే కొలతలు.

కారు ముందు చక్రాలలో తరచు ఉండేది మరొక రకం. దానిలో గుండ్లకు బదులు ఏటవాలు రోలర్లుండును. అమెరికాలో హెన్రీ టిమ్‌కెన్ 1898లో దీనికి పేటెంటు పొందినాడు. చక్రం బండి బరువును మోయుటే కాక, మలుపులో ప్రక్కకు నెట్టే బలాన్ని కూడ తట్టుకొనవలెను. ఏటవాలు రోలరు రెంటినీ భరించును. దీని లోపలి భాగాన్ని కోను అని, బయటి వలయాన్ని కప్పు అని పిలుతురు. రెంటికీ వేర్వేరు నంబర్లు. ఉదాహరణకు ఎల్‌ఎం 11949 అను కోనుకు ఎల్‌ఎం 11910 అను కప్పు జత. దీని రంధ్రం 19.05 మిల్లీమీటర్లు, అనగా సరిగా ముప్పాతిక అంగుళం. పాత ఇంగ్లీషు కార్లు అంగుళాలలో రూపొందినవి. 19.05ను 19 అని వ్రాసికొన్నవాడు తప్పుడు సరుకు తెచ్చుకొనును.

నంబరు చెరిగిపోయినచో వెర్నియరుతో కొలవవలెను. బండి బంధుత్వాలు కూడ తెలిసియుండవలెను. స్పిట్‌ఫైర్ ముందు చక్రాల సస్పెన్షన్ ట్రయంఫ్ హెరాల్డ్ నుండి తీసికొన్నది. ఆ హెరాల్డ్‌నే మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961 నుండి స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారు చేసినది. ఇంగ్లండు స్పోర్ట్స్ కారుకు దగ్గరి చుట్టం మన కోస్తా వీధులలో కుటుంబాలను మోసినదన్నమాట. వృద్ధ మెకానిక్కుల జ్ఞాపకం ఇచ్చట విలువైన గ్రంథం.

చౌకకు హద్దు ఉన్నది. కొత్త కోనును పాత కప్పులో వేయరాదు. పాత కప్పు గాట్లు కొత్త రోలర్లను త్వరలోనే పాడుచేయును. కప్పు వదులైనదని తగరపు రేకు చుట్టుట, ఇరుసుపై పంచ్ దెబ్బలు వేసి బిగువు తెచ్చుట వంటి ఉపాయాలు కొన్నాళ్లు నడచినను ప్రాణాపాయకరాలు. తుక్కులోని పాత బేరింగును చక్రానికి వాడరాదు. ప్రసిద్ధ సంస్థల పేర్లతో నకిలీలు కూడ వచ్చుచున్నవి. న్యాయమైన ధరకంటె మరీ తక్కువ చెప్పినచో అనుమానించి, గుర్తింపు పొందిన విక్రేత వద్ద బిల్లుతో కొనవలెను. మన ఊరి ఉప్పుగాలికి పెట్టె విప్పిన బేరింగు త్వరగా తుప్పు పట్టును కనుక, బిగించే రోజుననే విప్పుట మేలు. పూర్వం రైతులు బండి ఇరుసుకు కందెన పెట్టినట్లే, కొత్త బేరింగులో గ్రీజును రోలర్ల మధ్యకు చేరునట్లు అరచేతితో నొక్కి నింపవలెను. ఆయిల్ సీలు, స్ప్లిట్ పిన్ను కొత్తవి వేయవలెను. నట్టును చక్రం త్రిప్పుచు బిగించి, పిదప మాన్యువల్ చెప్పినంత ఆట మిగులునట్లు వెనుకకు వదలవలెను. అతిగా బిగించిన బేరింగు మాడిపోవును.

మేము ఆదా చేసిన సొమ్ము నంబరును చదువుటవలన వచ్చినది. సరుకు నాణ్యతను తగ్గించుటవలన కాదు. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మన విద్యార్థులు వెర్నియరుతో ఏటేట గోళాన్ని, స్తూపాన్ని కొలుచుచున్నారు. వాటి సరసన ఒక పాత బేరింగునుంచి, దాని నంబరును వారిచేతనే కనుగొనజేసినచో ఎంత బాగుండును! గ్రంథాలయానికి ఒక బేరింగుల కాటలాగు తెప్పించి, ఆటోనగర్ నుండి అనుభవజ్ఞుడైన మెకానిక్ నొకరిని ఏడాదికొకసారి మన తరగతికి ఆహ్వానించవలెనని కళాశాల కమిటీవారికి మా మనవి. మన విద్యార్థులలో కొందరి తండ్రులు, అన్నలు అట్టి షెడ్లలోనే పని చేయుచున్నారు. ఆ చేతుల విద్యకు తరగతి గదిలో చోటు కల్పించినచో, ఉభయులకును లాభమే.