మీటరు 12 చూపినా లైటు వెలగదెందుకు?

తలుపు తీసినా కారు లోపలి లైటు వెలగకపోతే చాలామంది ముందు బల్బు మారుస్తారు, తర్వాత ఫ్యూజు చూస్తారు. రెండూ బాగానే ఉంటే మల్టీమీటరు తెచ్చి హోల్డరు దగ్గర పెడతారు. అది 12 వోల్టులు చూపిస్తుంది. సప్లై వస్తోంది, బల్బు కొత్తది, అయినా చీకటే. అసలు చిక్కు ఇక్కడుంది.

ఈ లైటుకు సాధారణంగా 5 వాట్ల బల్బు వాడతారు. వెలిగేటప్పుడు దాని ఫిలమెంటు నిరోధం సుమారు 29 ఓమ్‌లు. దారిలో ఎక్కడో ఒక కనెక్టరుకు చిలుము పట్టి 30 ఓమ్‌ల అడ్డు ఏర్పడిందనుకుందాం. 12 వోల్టుల్లో సగానికి పైగా అక్కడే ఖర్చయిపోతుంది, మిగిలినదానితో ఫిలమెంటు ఎర్రబడటమే గగనం. ఇప్పుడు బల్బు తీసి అదే చోట డిజిటల్ మీటరు పెట్టండి. దాని లోపలి నిరోధం మామూలుగా ఒక కోటి ఓమ్‌లు. కోటి ముందు 30 ఏపాటి? కరెంటు దాదాపు పారదు, పారనప్పుడు చిలుము దగ్గర వోల్టేజీ తగ్గదు. కాబట్టి మీటరు చెప్పింది నిజమే, కానీ అది కరెంటు పారనప్పటి నిజం.

అందుకే బల్బు పెట్టి, స్విచ్చు వేసి ఉంచే కొలవాలి. బ్యాటరీ పాజిటివ్ నుంచి హోల్డరు పాజిటివ్ దాకా ఒకసారి, హోల్డరు నెగటివ్ నుంచి బాడీ ఇనుము దాకా ఇంకోసారి. బాగున్న దారిలో మీటరు సున్నాకు దగ్గరగా ఉంటుంది. ఏ భాగంలో నాలుగైదు వోల్టులు కనిపిస్తే లోపం ఆ భాగంలోనే. రెండు వైర్లు కట్టిన బల్బుతో మెకానిక్కులు చేసే పరీక్ష కూడా ఈ సూత్రం మీదే నడుస్తుంది, ఈ పనికి అది ఎంతో మంచి పరికరం. విశాఖ, కాకినాడ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి చిలుము తొందరగా పడుతుంది, అక్కడ ముందు ఎర్తు బోల్టులే చూడాలి.

చాలా కార్లలో బల్బుకు పాజిటివ్ ఎప్పుడూ అందుతూనే ఉంటుంది, డోర్ స్విచ్ కలిపేది ఎర్తునే. లైటు స్విచ్చును 'ఆన్'లో పెడితే వెలిగి, 'డోర్'లో పెడితే వెలగలేదంటే బల్బు, ఫ్యూజు నిర్దోషులు. డోర్ స్విచ్‌నో, దాని వైరునో అనుమానించాలి. కొత్త కార్లలో ఈ స్విచ్ తలుపు గొళ్లెంలోనే ఉంటుంది, కాబట్టి తలుపుకూ స్తంభానికీ మధ్య రబ్బరు గొట్టంలో వంగి వంగి తెగిన వైరు కూడా కారణం కావచ్చు.

ఎల్‌ఈడీ వేశాక తలుపు మూసినా మినుకుమినుకుమంటోందా? సర్క్యూట్లో మిగిలే కొద్ది మిల్లీఆంపియర్లు ఫిలమెంటును వేడెక్కించలేవు, ఎల్‌ఈడీని మాత్రం వెలిగించగలవు.

రాత్రంతా లైటు వెలిగి ఉండటం వల్లే బ్యాటరీ పోయిందనడం కూడా అంత సరికాదు. 5 వాట్ల బల్బు పది గంటల్లో తీసుకునేది 4 ఆంపియర్-గంటల పైచిలుకు. చిన్న కారు బ్యాటరీ సామర్థ్యం సుమారు 35. ఒక్క రాత్రికే బండి స్టార్టు కాలేదంటే ఆ బ్యాటరీ ముందే నీరసించి ఉండాలి.

ఫ్యూజు కాపాడేది ప్రధానంగా వైరును. అది మళ్లీ మళ్లీ పోతుంటే పెద్దది వేయకండి, వైరు ముక్కతో కలపకండి. 10 ఆంపియర్ల చోట 30 వేస్తే, షార్టయిన రోజున ఫ్యూజుకు బదులు పైకప్పు లోపలి వైరు కాలుతుంది. షార్టు ఎక్కడుందో వెతికించండి. పసుపు రంగు కనెక్టర్లు సాధారణంగా ఎయిర్‌బ్యాగులవి, వాటిని మాత్రం అసలు ముట్టుకోకండి.