ఇరవై ఏళ్లనాటి చీటీపై ఒక ప్రశ్న

వైద్యుడు ఒకసారి ‘రుమటాయిడ్ ఆర్థరైటిస్’ అని చీటీ మీద రాస్తే ఆ రెండు మాటలు ఆ ఇంటిని అంత తేలికగా విడిచిపెట్టవు. బిందె ఎవరు ఎత్తాలి, నమాజు చాప మీదా కుర్చీ మీదా, రమజాన్‌లో మందులు ఏ వేళకు వేసుకోవాలి, కూతురికి సంబంధం వచ్చినప్పుడు తల్లి జబ్బు సంగతి చెప్పాలా వద్దా – అన్నీ ఆ చీటీ చుట్టూనే తిరుగుతాయి. ఏళ్లు గడుస్తాయి. ఒకనాటికి నొప్పి లేదు, వాపు లేదు, మందు కూడా లేదు. అప్పుడొక ప్రశ్న తలెత్తుతుంది. జబ్బు నయమైందా? నిద్రపోతోందా? లేక మొదటినుంచీ అది ఆ జబ్బు కానే కాదా?

ఈ ప్రశ్న వేయడం వైద్యుణ్ణి అవమానించడం కాదు, దైవానుగ్రహాన్ని శంకించడమూ కాదు. తెలుగు ప్రాంతాల వారికైతే ఇలా అడగడానికి ప్రత్యేకమైన కారణం కూడా ఉంది.

నిజాంపేటలో, బాచుపల్లి రోడ్డు పక్కన ఏ అపార్ట్‌మెంటులోనైనా ఉండగల ఒక తల్లిని ఊహించుకుందాం. సొంతూరు కడప. కొడుక్కి హైటెక్ సిటీలో ఉద్యోగం దొరికాక ఇక్కడికి వచ్చారు. 2006లో ఊళ్లో ఉండగా తీవ్రమైన జ్వరం వచ్చింది. వారం రోజుల్లో జ్వరం తగ్గినా కీళ్లు మాత్రం బిగుసుకుపోయాయి. ఫజర్ వేళకు వజూ చేద్దామంటే కుళాయి తిప్పడానికి వేళ్లు సహకరించేవి కావు. నెలలు గడిచినా తగ్గకపోతే రక్తపరీక్ష చేయించారు. ఆర్.ఎ. ఫ్యాక్టర్ స్వల్పంగా ఎక్కువ ఉన్నదన్నారు. అంతే, పేరు పడింది. స్టెరాయిడ్ కొన్నాళ్లు, మెథోట్రెక్సేట్ చాలా ఏళ్లు వాడారు. 2020 లాక్‌డౌన్‌లో ఆస్పత్రికి వెళ్లడం కుదరక మాత్రలు ఆగిపోయాయి. వాపు తిరిగి రాలేదు. ఇప్పుడు కొడుకు ఆరోగ్య బీమా దరఖాస్తు నింపుతూ “అమ్మీ, నీకు పాత జబ్బు ఉన్నట్టు రాయాలా?” అని అడుగుతున్నాడు.

ఆమెకు జ్వరం వచ్చిన ఆ 2006ను గుర్తుచేసుకోవాలి. చికున్‌గున్యా మన దేశానికి కొత్తది కాదు. 1963లో కలకత్తాలోనూ, 1973లో మహారాష్ట్రలోని బార్సీలోనూ విజృంభించింది. ఆ తర్వాత మూడు దశాబ్దాలకు పైగా దాదాపు మాట వినబడలేదు. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ తలెత్తి, 2006లో దేశమంతా పాకింది. ఆ ఒక్క సంవత్సరంలో సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. లెక్కకు ఎక్కనివారు ఎందరో. ఆ పేరు టాంజానియాలోని మకొండే ప్రజల భాష నుంచి వచ్చింది. వంగిపోవడం అని దాని భావం. ఆ ఏడు మన వీధుల్లో నడుములు పట్టుకుని, గోడ ఆసరాతో నడిచినవారిని చూసినవారికి ఇంతకంటే వివరణ అక్కర్లేదు.

చికున్‌గున్యా జ్వరం వారంలో పోతుంది గాని, కొందరిలో కీళ్లనొప్పులు నెలలూ ఏళ్లూ ఉంటాయి. ఆ నొప్పులు రుమటాయిడ్ లాగే రెండు చేతుల చిన్న కీళ్లను సమానంగా పట్టుకుంటాయి. ఉదయం లేవగానే బిగువు, వాపు, అలసట – అన్నీ అలాగే. 2014లో హైతీ వెళ్లి ఈ జ్వరంతో తిరిగివచ్చిన పదిమంది అమెరికన్లను అక్కడి వైద్యులు పరిశీలించారు. వారిలో ఎనిమిదిమంది లక్షణాలు రుమటాయిడ్ వర్గీకరణ ప్రమాణాలకు సరిగ్గా సరిపోయాయి. వారిని పట్టిన జ్వరం సంగతి తెలియని వైద్యుడు రుమటాయిడ్ అనే అనుకొని ఉండేవాడు. అది అజ్ఞానం కాదు. రెండు జబ్బులూ ఒకే ముఖం పెట్టుకుని వస్తాయి.

ఆ ప్రమాణాల సంగతీ కొంచెం తెలుసుకోవాలి. అమెరికా, ఐరోపా వైద్య సంఘాలు కలిసి 2010లో రూపొందించిన కొలమానం ఇప్పుడు ఎక్కువగా వాడుకలో ఉంది. ఎన్ని కీళ్లు, ఏ పరిమాణంవి, రక్తంలో ప్రతిరక్షకాలు ఎంత, ఇ.ఎస్.ఆర్. లేదా సి.ఆర్.పి. పెరిగిందా, లక్షణాలు ఆరు వారాలు దాటాయా – వీటికి మార్కులు వేసి, పదికి ఆరు వస్తే రుమటాయిడ్ వర్గంలో చేరుస్తారు. పరిశోధనల కోసం రోగులను ఒకే తరగతిగా విడదీయడానికి ఇది పుట్టింది. పైగా మార్కులు వేయడానికి దాని ముందస్తు షరతుల్లో ఒకటి, ఆ వాపుకు మరో జబ్బు మెరుగైన కారణంగా కనబడకూడదని. రద్దీగా ఉండే ఓపీలో మొదట జారిపోయేది ఆ షరతే.

ఆర్.ఎ. ఫ్యాక్టర్ విషయంలో మన ఇళ్లలో ఒక అపోహ బలంగా ఉంది. పరీక్ష పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టు, నెగెటివ్ వస్తే లేనట్టు అనుకుంటారు. నార్వేకు చెందిన ఎరిక్ వాలర్ 1940లో వర్ణించిన ఈ ప్రతిరక్షకం రుమటాయిడ్ రోగుల్లో 70 నుంచి 80 శాతం మందిలో కనబడుతుంది. కానీ ఏ జబ్బూ లేనివారిలోనూ కొందరిలో ఉంటుంది, వయసు పెరిగేకొద్దీ ఎక్కువమందిలో ఉంటుంది. హెపటైటిస్ సి, క్షయ, మరికొన్ని అంటువ్యాధుల్లోనూ పెరుగుతుంది. స్వల్పంగా పెరిగిన ఒక్క అంకె మీద జీవితకాలపు తీర్పు నిలబడదు. దీనికంటే నమ్మదగినది యాంటీ సి.సి.పి. పరీక్ష. అది బలంగా పాజిటివ్ అయితే రుమటాయిడ్ అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అయితే 2000 తొలి సంవత్సరాల్లోనే అది మార్కెట్లోకి వచ్చింది. 2006లో ఒక చిన్న పట్టణంలో ఆ పరీక్ష చేయించినవారు ఎందరుంటారు?

రక్తంలో రెండు ప్రతిరక్షకాలూ లేకుండానే రుమటాయిడ్ అని పేరుపడినవారి సంగతి మరీ విచారించదగినది. ఫిన్‌లాండ్‌లో అలాంటి 435 మందిని పదేళ్లపాటు గమనించారు. వారిలో సగానికి పైగా మందికి చివరకు తేలింది వేరే జబ్బు: కొందరికి సోరియాసిస్‌తో వచ్చే కీళ్లవాపు, కొందరికి వయసుతో వచ్చే కీళ్ల అరుగుదల, కొందరికి గౌట్, మరికొందరికి వృద్ధుల్లో భుజాలను పట్టే పాలీమయాల్జియా. మన భాషల్లో కీళ్లవాతం అన్నా, గఠియా అన్నా ఇవన్నీ ఒకే మూటలోకి వచ్చేస్తాయి. ఆ ఒక్క మాట వల్ల ఎంత గందరగోళమో!

ఇక రెండో వైపు చూద్దాం. నొప్పి పోయినంత మాత్రాన పాత నిర్ధారణ తప్పని తేల్చడానికి వీల్లేదు. రుమటాయిడ్ నిజంగానే శాంతిస్తుంది. వాచిన కీళ్లు, నొప్పి కీళ్లు ఒక్కటికి మించకుండా, సి.ఆర్.పి. తగ్గి, రోగి తన స్థితికి తానిచ్చుకునే మార్కు కూడా బాగున్నప్పుడు దాన్ని ఉపశమన స్థితి అంటారు. సకాలంలో చికిత్స మొదలైతే ఈ స్థితికి చేరేవారు చాలామంది. మందులు పూర్తిగా మానేసినా అలాగే ఉండిపోయేవారు మాత్రం తక్కువ. జబ్బు తొలిదశలోనే పట్టుబడినవారిని గమనించిన అధ్యయనాల్లో వీరు సుమారు 10 నుంచి 20 శాతం. ఉపశమనంలో ఉండి మందు మానినవారిలో దాదాపు సగంమందికి జబ్బు తిరగబెడుతుంది. గర్భిణులకూ ఇలాంటి అనుభవం ఉంటుంది. కడుపులో బిడ్డ ఉండగా చాలామందికి వాపులు తగ్గుతాయి, కాన్పైన కొద్ది నెలలకే మళ్లీ వస్తాయి. ‘కాన్పుతో జబ్బు పోయింది’ అని సంతోషించి మందులు పారేసిన ఇళ్లు తర్వాత ఇబ్బంది పడతాయి.

‘మందుకు తగ్గింది కాబట్టి ఆ జబ్బే’ అన్న వాదన కూడా నిలవదు. స్టెరాయిడ్ దాదాపు ఏ వాపునైనా తగ్గిస్తుంది. మెథోట్రెక్సేట్‌ను చికున్‌గున్యా అనంతర కీళ్లవాపులోనూ వాడతారు, సోరియాసిస్‌లోనూ వాడతారు. యునానీ చికిత్స, హిజామా చేయించుకున్నవారు అదే తగ్గించిందని చెబుతారు. ఏకకాలంలో మూడు చికిత్సలు నడిచినప్పుడు ఏది పనిచేసిందో చెప్పడం ఎవరి తరమూ కాదు. నిజామియా తిబ్బీ కళాశాలలో చదివిన హకీం వద్దకు వెళ్లడం వేరు, పేరూ చిరునామా లేని పొడి పొట్లం కొనడం వేరు. కీళ్లనొప్పికి అద్భుతమంటూ అమ్మే అలాంటి పొడుల్లో స్టెరాయిడ్ కలిపిన సందర్భాలు ఎన్నోసార్లు బయటపడ్డాయి. రెండు రోజుల్లో నొప్పి మాయమైతే సంతోషించే ముందు అనుమానించాలి.

మెథోట్రెక్సేట్ మాట వచ్చింది కాబట్టి కొంచెం పక్కకు వెళ్లినా పాఠకులు మన్నించాలి. ఈ మందు వెనుక మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో వైద్యవిద్య చదివి అమెరికా చేరారు. లెడర్లే ప్రయోగశాలల్లో ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. దానికి విరోధిగా పనిచేసే అమినోటెరిన్ కూడా అక్కడే రూపుదిద్దుకుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్త క్యాన్సర్ పిల్లలకు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. సుబ్బారావు అదే ఏడు కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్‌కు 1988లో అమెరికాలో కీళ్లవాత చికిత్సకు అనుమతి లభించింది. నేడు రుమటాయిడ్ రోగి వారానికొక రోజు మెథోట్రెక్సేట్, మరో రోజు ఫోలిక్ ఆమ్లం మాత్ర వేసుకుంటాడు. విషాన్నీ విరుగుడునూ ఒకే పరిశోధకుడి ప్రయోగశాల నుంచి అందుకుంటున్నామని మందుల చీటీ చూసేవారిలో ఎందరికి తెలుసు?

విషం అన్నది అతిశయోక్తి కాదు. ఈ మందు వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే నోటిపూతతో మొదలై రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. దీర్ఘకాలం వాడేవారు కాలేయ, రక్త పరీక్షలు క్రమంగా చేయించుకోవాలి. గర్భం ధరించాలనుకునే స్త్రీ వైద్యుని సలహాతో ముందుగానే దీన్ని మానాలి. పాత నిర్ధారణ సరైనదైతే ఈ కష్టమంతా కీళ్లను కాపాడే కష్టం. అది సరైనది కాకపోతే, అక్కర్లేని భారం ఇరవై ఏళ్లు మోసినట్టు. ప్రశ్న అడగడానికి ఇంతకంటే కారణం కావాలా?

అడిగే పద్ధతి ఉంది. మందులు ఇంకా వాడుతున్నవారు సొంతంగా మాని ‘పరీక్షించి’ చూడకూడదు. ముఖ్యంగా స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపితే శరీరం కుప్పకూలే ప్రమాదం ఉంది. ఉపశమనం కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నప్పుడు వైద్యుని పర్యవేక్షణలో మోతాదు మెల్లగా తగ్గించడం గురించి మాట్లాడవచ్చు. మందు ఎప్పుడో ఆగిపోయిన ఆ నిజాంపేట తల్లి వంటివారైతే రుమటాలజీ నిపుణుణ్ణి కలవాలి. పంజగుట్టలోని నిమ్స్‌లో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. వెళ్లేటప్పుడు తీసుకువెళ్లవలసింది పాత కాగితాలు. అసలు జబ్బు మొదలైనప్పటి రిపోర్టులు, ఎక్స్‌రేలు, జ్వరం వచ్చిన నెల, ఇంట్లో మరెవరికి వచ్చింది, ఏ మందు ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగింది – ఒక కాగితం మీద రాసుకుంటే సగం పని అయినట్టే.

నిపుణుడు ముందుగా చూసేది చేతుల, పాదాల ఎక్స్‌రే. చికిత్స లేకుండా చురుగ్గా సాగిన రుమటాయిడ్ సాధారణంగా ఎముక అంచును కొరికి గుర్తులు వదులుతుంది. ఒకసారి పడిన ఆ గుర్తులు సాధారణంగా చెరగవు. గుర్తులుండి యాంటీ సి.సి.పి. కూడా బలంగా పాజిటివ్ అయితే పాత చీటీ సరైనదే, జబ్బు ప్రస్తుతం శాంతించింది. మందు లేకుండా ఏళ్లు గడిచినా ఎముకలు చెక్కుచెదరకుండా, యాంటీ సి.సి.పి. నెగెటివ్‌గా, కీళ్లలో వాపు జాడ లేకుండా ఉంటే ఆ పేరును కొట్టివేయడానికి వైద్యుడికి బలమైన ఆధారం దొరికినట్టే. చికున్‌గున్యా ప్రతిరక్షకాలు ఇప్పుడు పరీక్షించి లాభం స్వల్పం. ఎప్పుడో ఆ జ్వరం వచ్చిందని చెబుతుంది గాని, ఆనాటి కీళ్లవాపు దానివల్లే వచ్చిందని చెప్పలేదు. కొన్నిసార్లు ఎటూ తేలకపోవచ్చు. అప్పుడు ‘నిర్ధారణ సందేహాస్పదం, గమనిస్తున్నాం’ అని రాయించుకోవడమే నిజాయితీ.

సంబంధాల విషయంలో కూడా ఇదే నిజాయితీ సరిపోతుంది. తల్లికి రుమటాయిడ్ ఉన్నా కూతురికి వచ్చే ముప్పు కొంత పెరుగుతుందే తప్ప ఎక్కువమంది కూతుళ్లకు రానేరాదు. 1993లో ఉత్తర భారత గ్రామీణ ప్రాంతం నుంచి వెలువడిన అధ్యయనంలో ఈ జబ్బు పెద్దవారిలో 0.75 శాతం మందికి ఉన్నట్టు తేలింది. దానికి కొన్ని రెట్లు వేసుకున్నా చిన్న అంకే. దాచిపెట్టవలసినంత భయం అందులో లేదు. బీమా దరఖాస్తులో మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలి: ఫలానా సంవత్సరంలో ఈ నిర్ధారణ జరిగింది, ఫలానా సంవత్సరం నుంచి మందులు లేవు, నిపుణుని పునఃపరిశీలన ఇది. పాత జబ్బులకు వేచి ఉండే గరిష్ఠ కాలాన్ని 2024లో బీమా నియంత్రణ సంస్థ 48 నెలల నుంచి 36కు తగ్గించింది. దాచి తర్వాత క్లెయిము పోగొట్టుకోవడం కంటే ఆ కాలం ఆగడం మేలు.

పేరు కొట్టివేసిన తర్వాత కూడా ఒక పని మిగులుతుంది. కీలు మళ్లీ ఎప్పుడైనా వాస్తే వెంటనే ఫోనుతో ఫోటో తీసి ఉంచాలి. 1940ల్లో అమెరికా వైద్యులు హెంచ్, రోజెన్‌బర్గ్ వర్ణించిన పాలిండ్రోమిక్ అనే రకంలో వాపు కొన్ని గంటలో, రోజులో ఉండి జాడ లేకుండా పోతుంది. అపాయింట్‌మెంటు దొరికి వైద్యుని ముందు కూర్చునేసరికి చేతులు నున్నగా ఉంటాయి. వారిలో కొందరికి తర్వాత రుమటాయిడ్ వస్తుంది. అప్పుడు తేదీతో సహా ఫోనులో ఉన్న ఆ ఫోటో ఎన్నో పరీక్షల కంటే ఎక్కువ చెబుతుంది.