షాఫ్‌హౌజెన్ కొయ్యవంతెన

అరువది మీటర్ల నిడివి గల దూలమును ఏ వృక్షమును ఈయజాలదు గదా, మరి నడుమ ఆధారము లేకయే అంత వెడల్పు గల ప్రవాహముపై కొయ్యవంతెన యెట్లు నిలుచునని యంత్రశాస్త్ర పాఠము నడుమ ఒక విద్యార్థి నన్నడిగెను. స్విట్జర్లాండున రైన్ నదిపై షాఫ్‌హౌజెన్ పట్టణము చెంత హాన్స్ ఉల్రిచ్ గ్రూబెన్‌మన్ నిర్మించిన వంతెనను మించిన సమాధానము ఆ ప్రశ్నకు నాకు తోచలేదు.

1754లో అచ్చటి రాతివంతెన కూలిపోగా, వడ్రంగుల వంశమున పుట్టిన ఈ శిల్పిని పట్టణ సభవారు పిలిపించిరి. గట్టు నుండి గట్టునకు సుమారు 119 మీటర్లు ఒక్క అంగలో దాటు వంతెనను అతడు ప్రతిపాదించెను. సభవారు జంకి, పాతవంతెనలో మిగిలిన నడిమి స్తంభమును విధిగా వాడుకొనుమని శాసించిరి. ఆ స్తంభము తిన్నని గీతపై లేనందున వంతెన నడుమ ప్రవాహదిశకు కొంచెము వంగవలసి వచ్చెను.

ఇక దాని లోపలి రహస్యము. కొయ్య ఒత్తుడును చక్కగా ఓర్చును. లాగుడును సైతము పేళ్ల వెంబడి ఓర్చునుగాని, రెండు కొయ్యలను అతికిన చోట లాగుడు తగిలినచో చీల ఊడును, గాడి చీలును. కావున నేర్పరియైన వడ్రంగి భారమును వీలైనంత మేరకు ఒత్తుడుగా మార్చి గట్టులపైకి దింపును. పూరింటి వాసములు రెండు కొప్పున ఒకదానినొకటి ఆనుకొని నిలిచినట్లే, ఇరుగట్టుల నుండి లేచిన ఏటవాలు దూలములు నడుమ నొక అడ్డదూలమును ఇరికించుకొని నిలుచును. పొట్టి జతలు నిటారుగా లేచి దరినున్న భాగములను మోయగా, పొడుగు జతలు పల్లముగా సాగి నడిమి భాగమును మోయును; ఎంత పల్లముగా సాగిన అంత బలముగా గట్టును ప్రక్కకు నెట్టును గనుకనే గట్టుగోడల దార్ఢ్యమే ఇట్టి వంతెనకు ప్రాణము. ఇట్లు ఒక్కొక్క జత తన అడ్డదూలముతోను బాటతోను కలసి ఒక చతుర్భుజమగును; ఒక చతుర్భుజము బండి బరువునకు ఒరుగజూచినను, దానిలో ఇమిడిన ఇతర చతుర్భుజములు ఆ ఒరుగుటను అరికట్టును. బాట ఈ చట్రమునుండి నిలువుకొయ్యలచే వ్రేలాడును. పైన కప్పు, ప్రక్కల పలకలు అలంకారమునకు గావు. కొయ్యకు వానయే ప్రధాన శత్రువు.

వంతెన స్తంభమును తాకకయే నిలిచెనని జనులు చెప్పుకొనిరి. ఆ కథను నేను పూర్తిగా నమ్మను. స్తంభమునకు ఇరుప్రక్కల నున్న 52, 59 మీటర్ల రెండు ఖండములలోని ఏటవాలు దూలములు కొన్ని స్తంభము నుండియే లేచినవి. అయినను ఇరుగట్టుల నుండి స్తంభము మీదుగా సాగి ఒండొంటిని ఒత్తుకొను దూలముల వరుసయు నందు గలదు. తన తొలి ఊహను అతడు పూర్తిగా విడువలేదనుటకు అదియే సాక్ష్యము. ఒక్క మనిషి నడిచినను అది కంపించెడిదనియు, బరువు బండ్లు మాత్రము నిర్భయముగా సాగెడివనియు ఆంగ్లయాత్రికుడు విలియం కాక్స్ వ్రాసెను. ఆ కంపము బలహీనతకు గురుతు గాదు. కొయ్యకు సహజమైన సాగుగుణము.

1766 నాటికి వెట్టింగెన్ వద్ద లిమ్మట్ నదిపై, ఓక్ దూలములను పొరలుగా పేర్చి, పండ్లు కోసి బిగించి, విల్లుగా వంచి, నడిమి స్తంభము లేకయే 61 మీటర్లు అతడు దాటించెను. విడిగా పేర్చిన రెండు దూలముల బలము ఒకదానికి రెండింతలే. జారకుండ పండ్లతో ఏకముచేసినచో అది నాలుగింతలను సమీపించును.

1799లో వెనుదిరుగుచున్న ఫ్రెంచి సైన్యము షాఫ్‌హౌజెన్ వంతెనను తగులబెట్టెను; వెట్టింగెన్ వంతెనయు ఆ యేడే దగ్ధమయ్యెను. సభవారు అతని తొలి ప్రతిపాదనకే అనుమతి యిచ్చియుండవలసినదని నా దృఢాభిప్రాయము. ఆ ఏకఖండ వంతెనకై అతడు చేసిన నమూనా షాఫ్‌హౌజెన్ మ్యూజియమున నేటికిని కలదు.