పాత రిపోర్టు పనికిరాదట!

సోంపేటలో రక్తపరీక్ష. శ్రీకాకుళంలో రక్తపరీక్ష. విశాఖపట్నం వెళితే అక్కడ మళ్లీ రక్తపరీక్ష. వారం తిరగకుండా మూడు ఊళ్లు, మూడు సూదులు, మూడు బిల్లులు! మనిషి ఒక్కడే, జబ్బూ ఒక్కటే. ఉద్దానంలో కిడ్నీ రోగి ఉన్న ఏ ఇంటి గడప తొక్కినా చూరులోంచో దండెం మీంచో ఒక ప్లాస్టిక్ సంచీ దించి చూపిస్తారు. నిండా కాగితాలే. ఒక రిపోర్టు మీద ఉన్న పరీక్షే ఇంకో రిపోర్టు మీదా ఉంటుంది, లాబ్ పేరు మాత్రమే మారుతుంది. ఎందుకిలా అంటే, "పాతవి ఎవులు సూస్తారు బాబూ, మళ్లీ తీయించుకు రమ్మంటారు" అనే జవాబే ప్రతి చోటా.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల్లో పనిచేసే కూలీలనూ చిన్న రైతులనూ ఈ జబ్బు ఇరవై ఏళ్లకు పైగా కబళిస్తోంది. ఎందరో వచ్చి నీళ్లు పట్టుకెళ్లారు, మట్టి పట్టుకెళ్లారు. ఇదీ కారణమని ఇంతవరకూ తేల్చి చెప్పినవాళ్లు లేరు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. మంచిదే. అయినా జబ్బు ముదిరిన మనిషి ఒక్క ఆస్పత్రితో సరిపెట్టుకోలేడు. ఊళ్లో ఆర్.ఎం.పి. దగ్గర మొదలై, మండల కేంద్రం, జిల్లా కేంద్రం దాటి, రెండు వందల కిలోమీటర్లకు పైగా ఉన్న విశాఖ వరకూ పోతాడు. ఆస్పత్రి మారిన ప్రతిసారీ కొత్త చీటీ, కొత్త పరీక్ష.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. మళ్లీ చేసే పరీక్షలన్నీ దోపిడీ కావు. డెంగ్యూ రోగికి ప్లేట్‌లెట్లు మళ్లీ మళ్లీ చూడాల్సిందే. రక్తం ఎక్కించే ముందు బ్లడ్ బ్యాంకు గ్రూపును తనంత తాను సరిచూసుకోవాల్సిందే, పాత కాగితాన్ని నమ్మితే ప్రాణం పోవచ్చు. డయాలసిస్ మొదలుపెట్టే చోట కామెర్ల వైరస్‌లకూ హెచ్.ఐ.వి.కీ పరీక్ష చేసేది తోటి రోగులకు అంటకుండా కాపాడేందుకే. క్రియాటినిన్ కూడా నాలుగు రోజుల్లో మారిపోగలదు. డాక్టరు మళ్లీ అడిగితే తప్పుపట్టలేం.

తప్పల్లా పాత కాగితాన్ని చూడకుండానే పక్కకు తోసెయ్యడం. ఇందులో డబ్బు నష్టం కంటే పెద్ద నష్టం ఒకటి ఉంది. దాన్ని మన కార్యకర్తలు బాగా అర్థం చేసుకోవాలి.

క్రియాటినిన్ అంటే కండరాల్లో పుట్టే వ్యర్థం. కిడ్నీ దాన్ని వడగట్టి మూత్రంలో పంపాలి. కిడ్నీ చెడితే అది రక్తంలో పేరుకుపోతుంది. సరే, ఇవాళ పరీక్షలో 4 వచ్చిందనుకోండి. ఆ ఒక్క అంకెతో డాక్టరుకు సగమే తెలుస్తుంది. మూడు నెలల కిందట 3.8 ఉంటే, పాత జబ్బు నెమ్మదిగా ముదురుతోందన్నమాట. పోయిన వారం 1.2 ఉండి ఇవాళ 4 కి ఎక్కిందంటే సంగతి వేరు. వాంతులో, విరేచనాలో, ఒళ్లునొప్పులకు మింగిన బిళ్లలో కొత్తగా దెబ్బకొట్టాయి. వెంటనే పట్టుకుంటే ఆ కిడ్నీ తేరుకునే అవకాశం ఉంది. ఈ తేడా చెప్పగలిగేది పాత కాగితమే. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని తేల్చడానికే మూడు నెలల లెక్క కావాలని వైద్యశాస్త్రం చెబుతోంది. అలాంటి కాగితాన్ని "అది పనికిరాదులే" అని బల్ల మీంచి నెట్టేసిన చోట కూలీ డబ్బుతోబాటు కూలీ ప్రాణానికీ విలువ లేదనే లెక్క.

స్కాన్ల సంగతి మరీ ఘోరం. నిన్న తీసిన స్కాన్ ఇవాళ మళ్లీ తీస్తే కొత్తగా తెలిసేది చాలాసార్లు ఏమీ ఉండదు. పొట్ట సి.టి. స్కాన్ ఒక్కటి సుమారు వంద ఛాతీ ఎక్స్‌రేల కిరణాలను ఒంట్లోకి పంపుతుంది. పైగా నరానికి రంగుమందు ఎక్కించి తీసే స్కాన్, అసలే కిడ్నీ బలహీనంగా ఉన్నవాడికి ముప్పు తేగలదు. ఇక ఖర్చు చూడండి. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. స్కాన్‌కు 3 వేలు అనుకుందాం, అంటే పది రోజుల రెక్కల కష్టం. రెండోసారి తీయిస్తే ఇంకో పది రోజులు. రోగి వెంట వెళ్లినవాడి కూలి పోవడం, బస్సు ఛార్జీ, వడ్డీ వ్యాపారి లెక్క వేరే.

"బయటి లాబ్‌ను నమ్మలేం" అంటారు కొందరు డాక్టర్లు. అందులో నిజం లేకపోలేదు. సందుకో లాబ్ వెలిసింది, అన్నింట్లోనూ చదువుకున్న టెక్నీషియన్లు లేరు. కానీ ఆ లాబ్‌లను తనిఖీ చెయ్యాల్సింది ఎవరు? ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకూ నియంత్రణకూ మన రాష్ట్రంలో 2002లోనే చట్టం చేశారు. చట్టం ఉండీ లాబ్ మీద నమ్మకం లేదంటే ఆ బాధ్యత సర్కారుది. దాని జరిమానా మాత్రం రోగి కడుతున్నాడు! రెండో సంగతి కమీషన్. పరీక్షకు పంపినవాడికి లాబ్ వాటా ముడుతుందన్నది పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలిసిన రహస్యం. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం తప్పని డాక్టర్లకు 2002లో పెట్టిన వృత్తి నియమావళిలోనే రాసి ఉంది. నియమం పుస్తకంలో ఉంది, కమీషన్ కవరులో ఉంది.

ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారినప్పుడల్లా దాని పేరూ మారుతోంది. ఈ పథకం కింద చేరిన రోగికి పరీక్షల ఖర్చు ప్యాకేజీలోనే ఉంటుంది. అందుకే కొన్నిచోట్ల "ముందు పరీక్షలు చేయించుకో, కార్డు సంగతి తర్వాత చూద్దాం" అంటారు. డబ్బు గుంజేది చేర్చుకోకముందు, ఆ గుమ్మం దగ్గరే. అలా అంటే అక్కడికక్కడే ఆరోగ్యమిత్రను పిలిపించండి, 104 కు ఫోన్ చెయ్యండి. 2021 నుంచి కేంద్రం 14 అంకెల ఆరోగ్య ఖాతా ఇస్తోంది, రిపోర్టులన్నీ అందులోకి ఎక్కుతాయంటున్నారు. ఎక్కించే ఆస్పత్రి, తెరిచి చూసే డాక్టరు ఉన్నప్పుడు కదా దాని ఉపయోగం! అందాకా మన ప్లాస్టిక్ సంచీయే మన ఖాతా.

కాబట్టి రోగి వెంట వెళ్లే సంఘం కార్యకర్తలు కొన్ని పనులు చెయ్యవచ్చు. ఒక నోటు పుస్తకం పెట్టండి. తారీఖు, క్రియాటినిన్ ఎంత, బీపీ ఎంత, వాడిన మందులేమిటి అన్నది వరసగా రాయండి. డాక్టరు ముందు సంచీ బోర్లించడం కంటే ఆ ఒక్క పేజీ చూపిస్తే ఎక్కువ పనవుతుంది. "ఈ పరీక్ష మొన్ననే అయింది కదండీ, మళ్లీ ఎందుకో చెప్పండి" అని మర్యాదగానే అడగండి. నిజంగా అవసరమైతే మంచి డాక్టరు విడమరిచి చెబుతాడు. ఆస్పత్రి మారేటప్పుడు కాగితాలు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని పైన చెప్పిన నియమావళిలోనే ఉంది. పరీక్ష ఎక్కడ చేయించుకోవాలో ఎంచుకునే హక్కు రోగిదేనని 2018లో రూపొందిన రోగుల హక్కుల పత్రం చెబుతోంది. స్కాన్‌కు రాతకాగితం ఒక్కటిచ్చి పంపితే రాకండి. ఫిల్మ్, సీడీ రెండూ తీసుకోండి, బొమ్మ చూడందే పై డాక్టరు ఒప్పుకోడు. సీడీకి వేరే డబ్బు అడిగితే రసీదు ఇమ్మనండి.