సేంద్రియ సేద్యము - యువకులు తెలిసికొనవలసిన లెక్క

చదువు ముగించి ఇంటికి వచ్చిన యువకులు నేడు అనేక గ్రామములలో సేంద్రియ సేద్యమును గురించి తండ్రులతో వాదించుచున్నారు. వాదన సామాన్యముగా యూరియా బస్తా దగ్గర మొదలగును. "ఈ యేడు బస్తా తేవద్దు నాన్నా" అని కొడుకు, "గింజ పండకపోతే అప్పు ఎవరు తీర్చాలిరా?" అని తండ్రి. తండ్రి ప్రశ్నకు కొడుకు వద్ద జవాబు ఉండవలెను.

నేను కలిసికొన్న యువకులలో పలువురికి సేంద్రియమనగా మందులు వేయకుండుట అని మాత్రమే తెలియును. ఫోనులో చూచిన వీడియోలు చాలవరకు అంతే చెప్పును. మానివేయుట సులభమే. దాని స్థానములో ఏమి వేయవలెననునదే అసలు ప్రశ్న.

45 కిలోల యూరియా బస్తాలో సుమారు 20 కిలోల నత్రజని కలదు. బాగుగా చివికిన పశువుల ఎరువు టన్నుకు సుమారు 5 కిలోల నత్రజని మాత్రమే యిచ్చును. అనగా ఒక బస్తాకు బదులు 4 టన్నుల ఎరువు కావలెను. అందులోను మొదటి పంటకు కొంత భాగమే అందును. మిగిలినది నేలలో నిలిచి తరువాతి పంటలకు క్రమముగా అందును. ఇంట రెండు పశువులైనను లేనివారు ఇంత ఎరువు ఎక్కడనుండి తెత్తురు?

జీవామృతముతో సరిపోవునని కొందరందురు. 10 కిలోల పేడ, మూత్రము, 2 కిలోల బెల్లము, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు మట్టి 200 లీటర్ల నీటిలో కలిపిన దానిలో నత్రజని బహుస్వల్పము. నేలలోని సూక్ష్మజీవులను పెంచుటకే దానిని వాడుదురు. నేలలో ఆకు, చెత్త, ఎరువు లేనిచో ఆ జీవులకు తిండి యేది?

కావున పచ్చిరొట్టను మరువరాదు. తొలకరికి ఎకరమునకు 10 నుండి 12 కిలోల జీలుగ విత్తనము చల్లి, పూత దశలో కలియదున్నినచో వరికి కావలసిన నత్రజనిలో మంచి భాగము చేనిలోనే దొరకును. వరి తరువాత మినుము గాని పెసర గాని వేయవలెను. మొదటి యేడు పొలమంతయు మార్చక అరయెకరముతో ఆరంభించుడు. ఒక్కసారిగా అంతయు మార్చి, దిగుబడి పడిపోగా, మరుసటి యేడు పట్నములో కొలువు వెదకుకొన్న యువకులను ఎరుగుదును. నేలకు దోషము లేదు, తొందరయే కారణము.

ప్రకృతినుండి వచ్చినదెల్ల నిరపాయమనుట మరియొక పొరపాటు. పొగాకు కషాయములోని నికోటిన్ మనుష్యులకును విషమే. దానిని కాచునపుడు, చల్లునపుడు పిల్లలను దూరముగా ఉంచవలెను, వంటపాత్రలు వాడరాదు.

అమ్మకము విషయములో గ్రామోద్యోగులు సాయపడవచ్చును. 2017 నాటి నిబంధనల ప్రకారము సంచిపై "సేంద్రియ" అని ముద్రించి అంగళ్లకు పంపుటకు ధ్రువీకరణ కావలెను. పీ.జీ.యస్. పద్ధతిలో రైతులు గుంపుగా చేరి ఒకరి పొలము నొకరు తనిఖీ చేసికొందురు. చిన్న రైతులకు ఇది అనుకూలము. ఏనాడు ఏమి వేసినదియు పుస్తకములో వ్రాయవలెను. ఈ పని చదువుకొన్న పిల్లలకు అప్పగించుడు, తండ్రులకంటె బాగుగా చేయుదురు.

వేసవిలో చేను ఖాళీగా ఉన్నపుడు ఎనిమిది, పది చోట్ల ఆరు అంగుళముల లోతున మట్టి తీసి, బాగుగా కలిపి, నీడలో ఆరబెట్టి, అర కిలో మట్టిని భూసార పరీక్షకు పంపుడు. గట్ల ప్రక్కన, చెట్ల క్రింద, పెంటకుప్పలున్న చోట మట్టి తీయరాదు.